మా రెండో శనివారాలు: బెంగళూరు బార్ల గురించి నాలుగు మాటలు

ఈ పేజీలో ఇంతవరకు జేజి చేసే ఊరుబిండి, ఊరి దేవర, తాత తవ్వించిన బాయి, పెండ్లిపాటలు అన్నీ వచ్చినాయి. బార్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. రాస్తే పెద్దోళ్ళు చదువుతారని అందరికీ జంకు. పెద్దోళ్ళకు ఎట్లా అన్నీ తెలుసు కాబట్టి ఈసారి మేమే రాస్తా ఉన్నాము.

మేము అంటే నలుగురం. పెదనాయన కొడుకు పెద్దన్న, నాలుగు క్యాబులు తిప్పుతాడు. మేనత్త కొడుకు బావ, లేత్ షాపు పెట్టుకున్నాడు. చిన్నాయన కూతురు చెల్లెలు, బ్యాంకు ఉద్యోగం. ఇంక ఇది రాస్తున్న చెయ్యి సాఫ్ట్‌వేర్ టెస్టింగులో బతికేది. రెండో శనివారం బ్యాంకుకు సెలవు, అందుకని మాకు ఆ రోజు కుదిరింది. నలుగురమూ కె.ఆర్.పురం అవతల కన్నడ మీడియం సర్కారు బడిలో చదివినోళ్ళమే. తెలుగు ఇంట్లో మాట్లాడిన భాష. అక్షరాలు మాత్రం పెద్దయినాక సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాము. కన్నడ తలకట్టుకూ తెలుగు తలకట్టుకూ తేడా పట్టుబడినాక మిగతాది కష్టం కాలేదు. యాసలో ఏదన్నా వింతగా ఉంటే, మా ఊరి మాటలో చెప్పాలంటే, స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి.

కలుసుకోడానికి బారే ఎందుకు అని అడగొచ్చు. మా నాయనకూ పెదనాయనకూ భూమి పంపకాల మీద కోర్టులో కేసు నడుస్తా ఉంది. రాగులు పండిన చేలో అపార్ట్‌మెంట్లు లేచినాక ఈ కథ లేని ఇల్లు మా వైపు తక్కువ. ఇద్దరూ మాట్లాడుకోరు, ఒకరి గడప ఒకరు తొక్కరు. జేజి పోయినప్పుడు పదకొండో దినం భోజనాల్లో ఒకరు తూర్పు వరసలో కూర్చుంటే ఇంకొకరు పడమటి వరసలో కూర్చున్నారు. ఆ సాయంత్రం మేము నలుగురం ఎవరింటికీ పోలేక, మెయిన్ రోడ్డు మీద కనబడిన ఒక బార్లోకి పోయి కూర్చున్నాము. మూడు గంటలసేపు జేజి గురించే మాట్లాడినాము, అంతా తెలుగులోనే. మరుసటి నెల మళ్ళీ పోయినాము. ఇప్పటికి ఏడేండ్లయింది.

మా ఇండ్లల్లో ఇప్పుడు పిల్లోళ్ళతో ఇంగ్లీషు, వీధిలో కన్నడ, పనిలో హిందీ. మేము నలుగురం గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడేది నెలకు ఆ మూడు గంటలే. కాబట్టి బార్ మీద మా అభిప్రాయం గ్లాసులో ఏముంది అనేదాని మీద సగమే ఆధారపడుతుంది.

పగలంతా యాప్‌లను పగలగొట్టి చూసే ఉద్యోగం కదా, బార్లకూ ఒక చెక్‌లిస్టు తయారైంది. ఐదు ప్రశ్నలు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట కేకలు పెట్టకుండా వినబడుతుందా? చెల్లెలు తనకు నచ్చిన చోట కూర్చోవచ్చునా? నంజుకొనేది నోట్లో పెట్టుకొనేట్టు ఉంటుందా? బిల్లు మెనూలో చూపించిన లెక్కకే వస్తుందా? తాగని మనిషిని ఎట్లా చూస్తారు? ఈ ఐదోది మొదట్లో లేదు. రెండేండ్ల కింద చేరింది. ఎందుకో ముందుకు పోయినాక చెప్తాము.

నిలబడి తాగే చోట్లు

అన్నిటికన్నా చిన్నవి మా వైపు వైన్స్ అని బోర్డు కట్టుకున్న అంగళ్ళు. కౌంటర్లో కొనుక్కొని, పక్కన గోడకు కొట్టిన పలక మీద గ్లాసు పెట్టుకొని, నిలబడే పని ముగించే చోట్లు. ఆటో దిగినాయన నైంటీ ఒకటి వేసుకొని, మిరియాల పొడి చల్లిన ఉడికిన గుడ్డు ఒకటి తిని, పది నిమిషాల్లో మళ్ళీ ఆటో ఎక్కుతాడు. కాంగ్రెస్ కడలెకాయి పొట్లం ఉంటే అదే పెద్ద విందు. బెంగళూరు బయటోళ్ళకు చెప్పాల, అది కారం, ఇంగువ పట్టించిన వేరుశనగ బద్దలు. దాని కోసమే అక్కడికి పోవచ్చు.

ఈ చోట్లకు మా మొదటి ప్రశ్నలో సున్నా. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. రెండో ప్రశ్నలో అంతకన్నా తక్కువ. కానీ ఒకటి చూసినాము. వయసైనోళ్ళు గ్లాసు ఎత్తే ముందు వేలు ముంచి రెండు చుక్కలు నేలకు చిలకరిస్తారు. తమిళాయన చిలకరిస్తాడు, గౌడరు చిలకరిస్తాడు. మా తాత కూడా సారా ప్యాకెట్ కొరికి విప్పినాక అదే చేసేవాడని నాయన చెప్తాడు. భూమికో, పోయినోళ్ళకో, ఎవరికో తెలియదు గానీ తాగే ముందు ఇంకొకరికి పెట్టే మర్యాద అది. గాజు మేడల్లోని బార్లలో ఆ చుక్కలు చిలకరించినోణ్ణి మేము చూడలేదు. నేల మీద కార్పెట్ ఉంటుంది మరి.

సారా ప్యాకెట్లు కర్ణాటకలో 2007 జూలై 1 నుంచి నిషేధం. ఆ తరువాత తాత తరం మనుషులంతా ఈ పలకల ముందుకు వచ్చి నిలబడినారు. ప్యాకెట్ పోయి క్వార్టరు వచ్చింది. మాట మాత్రం మారలేదు. తెలుగులో మందు అంటాము, కన్నడలో ఎణ్ణె అంటారు. ఒకటి ఒంట్లోకి వేసుకొనేది, ఒకటి తలకు రాసుకొనేది. ఏ భాషలోనూ దాని అసలు పేరు పెట్టి పిలిచే ధైర్యం మనకు లేదు.

ఆంధ్ర స్టైల్ అనే బోర్డు

బెంగళూరులో ఏ రోడ్డు పట్టుకొని పోయినా, ఆంధ్ర స్టైల్ అని కన్నడ అక్షరాల్లో రాసిన బార్ అండ్ రెస్టారెంట్ ఒకటి తగులుతుంది. మేము ఎక్కువ కూర్చున్నది ఇట్లాంటి చోట్లలోనే. అరిటాకు, పప్పు, గోంగూర, పొడి, నెయ్యి కింది అంతస్తులో. గ్లాసులు పై అంతస్తులో. పైన కూర్చున్నా కింది నుంచి పప్పన్నం తెప్పించుకోవచ్చు, అది పెద్ద సౌకర్యం. కడుపులో అన్నం ఉన్నోడు మాట తూలడు.

ఇక్కడి పెద్ద పేరు ఆంధ్ర చిల్లీ చికెన్. పచ్చిమిరపకాయలు దట్టించి, పచ్చగా మెరిసేట్టు చేస్తారు. గుంటూరు నుంచి వచ్చిన చెల్లెలి అత్తగారి తరఫు చుట్టానికి పెడితే, ఆయన రెండు ముక్కలు తిని, చెమట తుడుచుకొని, "ఇది మా ఊళ్ళో ఎక్కడా చూళ్ళేదండీ" అన్నాడు. ఆంధ్రాలో లేని ఆంధ్ర వంట బెంగళూరులో పుట్టింది. మేమూ అంతే కదా అని పెద్దన్న నవ్వినాడు. ఆంధ్ర స్టైల్ మనుషులం.

పెద్దోళ్ళు ఈ బార్ల గురించి ఒక కాలం కథలు చెప్తారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం పెద్దదై, 1995 జనవరిలో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997 దాకా ఉండింది. ఆ రెండేండ్లు కుప్పం, పలమనేరు వైపు చుట్టాలకు బెంగళూరులో పని ఎక్కువైపోయిందంట. ఎవరింట్లో పెండ్లి ముహూర్తమైనా, ముందురోజే దిగి, బావమరుదులను వెతుక్కొని వచ్చేవాళ్ళంట. యానాం వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. సరిహద్దు దాటితే ఏం దొరుకుతుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మా అత్త మాత్రం ఆ రెండేండ్ల గురించి ఇంకో మాట చెప్తుంది. "మీ మామ కలిసొచ్చినోళ్ళకు తోడు పోయి పోయి అలవాటు చేసుకున్నాడు" అని. మామ అంటే బావ నాయన. ఆ మాట అందరం విన్నాము. దాని బరువు తరువాత తెలిసింది.

రెండో ప్రశ్న విషయంలో ఈ చోట్లు ఇప్పుడిప్పుడే మారుతా ఉన్నాయి. ఫ్యామిలీ సెక్షన్ అని ఒక మూల ఉంటుంది. చెల్లెల్ని చూడగానే వెయిటరు దారి అటే చూపిస్తాడు. ఏసీ సరిగ్గా రాని, టీవీ కనబడని మూల. మొదట్లో నలుగురమూ అక్కడే కూర్చున్నాము. ఒక రోజు చెల్లెలు నేరుగా హాలు మధ్య టేబుల్‌కు పోయి బ్యాగు పెట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు. బీరు ఆమెది, ఫ్రెష్ లైమ్ పెద్దన్నది. వెయిటరు మాత్రం అడగకుండానే బీరు పెద్దన్న ముందు, లైమ్ ఆమె ముందు పెడతాడు. ఏ బార్లో గ్లాసులు సరైన మనిషి ముందుకు వస్తాయో ఆ బార్‌కు మేము ఒక మార్కు ఎక్కువ వేస్తాము. ఇంతవరకు ఆ మార్కు మూడింటికే పడింది.

కంటోన్మెంటు వైపు

మా తాత తరం కంటోన్మెంటును దండు అనేది. 1809లో ఇంగ్లీషోళ్ళు సైన్యం దించిన చోటు అది. సైన్యం వెంట బీరు వచ్చింది. యునైటెడ్ బ్రూవరీస్ 1915లో ఏర్పడింది. ఇప్పుడు యూబీ సిటీ మేడలు నిలబడిన చోట ఒకప్పుడు బీరు కాచేవాళ్ళు. బీరు కాచినాక మిగిలే ధాన్యం పిప్పిని పాడి ఆవులకు పెడతారు. తాత బండి కట్టుకొని పోయి ఆ పిప్పి తెచ్చేవాడని ఇంట్లో చెప్తారు. ఆ లెక్కన మా ఇంట్లో బీరు రుచి మొదట తెలిసింది ఆవులకు.

1980ల చివర ఈ రోడ్లలో పబ్బులు వచ్చినాయి. మగ్గుల్లో పోసే బీరు, చెక్క బెంచీలు, ఇంగ్లీషు పాటలు. చర్చ్ స్ట్రీట్‌లో రాకెట్ లోపలి మాదిరి కట్టిన నాసా అనే పబ్ ఒకటి ఉండేది. మా బడిలో దాని గురించి కథలు నడిచేవి. లోపలికి పోయినోడు మాలో ఎవడూ లేడు. కన్నడ మీడియం పిల్లోళ్ళకు బ్రిగేడ్ రోడ్డు అంటే దీపాలు చూసి వచ్చే చోటు, అంతే. ఉద్యోగం వచ్చినాక మొదటిసారి పోయినప్పుడు, లోపల ఏం మాట్లాడాల్నో బయట నిలబడి నేర్చుకొని పోయినాము. "ఒన్ పిచర్, ఫోర్ మగ్స్."

బ్రిగేడ్ రోడ్డు పక్కన రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ ఉంది, 1989 నాటిది. ఇరుకు మెట్లు, గోడల నిండా పాత రాక్ సంగీతకారుల బొమ్మలు, గీతలు పడిన చెక్క బల్లలు. అక్కడ బట్టలు చూసి మనిషిని కొలవరు. చెప్పులేసుకొని వచ్చినోడూ, టై కట్టుకొని వచ్చినోడూ ఒకే బెంచీలో కూర్చుంటారు. ఆ పాటలు మాకు అర్థం కావు. అర్థం కాని పాట మాటకు అడ్డం రాదు, అది మేము కనుక్కున్న రహస్యం. తెలిసిన సినిమా పాట పెడితే మాత్రం పెద్దన్న మాట ఆపి కూనిరాగం తీస్తాడు.

సెయింట్ మార్క్స్ రోడ్డులోని కోషీస్ మా చెక్‌లిస్టుకు బాగా దగ్గరిది. 1940లో బేకరీగా మొదలైన ఇంటి వ్యాపారం అది. అక్కడ పాటలే ఉండవు. ఫ్యాన్లు తిరిగే చప్పుడు, కప్పుల చప్పుడు, మనుషుల మాటలు. ఒక టేబుల్ దగ్గర కాఫీ, పక్క టేబుల్ దగ్గర రమ్ము, ఇంకో టేబుల్ దగ్గర ఆప్పం, స్టూ. ఎవరు ఏం తాగుతా ఉన్నారో ఎవరికీ పట్టదు. ఒకసారి పక్క టేబుల్ పెద్దాయన మా మాటలు విని, "నీవు తెలుగువరా?" అని కన్నడలో అడిగి, తరువాత తెలుగులోకి దిగినాడు. బళేపేటలో పుట్టిన మనిషి, ఇంట్లో నాలుగు తరాల తెలుగు. ఆయన మాటలో మా జేజి వాడే పలుకులు వినబడినాయి. ఆ రోజు ఇంకొక రౌండు ఆయన పేరు మీద తెప్పించినాము. ఆయనది కాఫీ.

వసంతనగర్‌లో కొడవ సమాజ భవనంలోని విండ్సర్ పబ్‌కు బావ తీసుకొని పోయినాడు. కొడగు వాళ్ళ పంది కూర, కడంబుట్టు అనే బియ్యపు ఉండలు. ఆ ఉండలు చూసి చెల్లెలు, "సంగటికి తెల్లచొక్కా వేసినారు" అన్నది. వాళ్ళ ఊరి కూర వాళ్ళు ధైర్యంగా పబ్‌లో పెట్టుకున్నారు. మన పొట్టేలు తలకాయ కూర, సంగటి ఏ పబ్ మెనూలో పెడతారా అని మేము ఇంకా చూస్తా ఉన్నాము.

ఇదే కంటోన్మెంటు వైపు ఒక చోట, పేరు వద్దు, చెప్పులేసుకున్నాడని పెద్దన్నను గుమ్మం దగ్గరే ఆపినారు. ఇంకో మేడ మీది బార్లో ముగ్గురు మగోళ్ళకు ఒక ఆడమనిషి ఉంటే లెక్క సరిపోదు అన్నారు. చెల్లెలు ఆ మనిషిని కన్నడలో ఒక ప్రశ్న అడిగింది. "అన్నదమ్ముల లెక్క నేను ఎవర్ని అడిగి పెట్టుకోవాల్నప్పా?" ఆయన దగ్గర జవాబు లేదు, మాకు ఆ బార్ అవసరం లేదు. పక్క సందులో దోసె తిని ఇంటికి పోయినాము.

బీరు కాచే చోట్లు

2010లో ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో టాయిట్, 2012లో మాగ్రత్ రోడ్డు వైపు ఆర్బర్ వచ్చినాక ఊళ్ళో బీరు మాట మారిపోయింది. బీరు అంటే సీసా అనుకున్న మాకు, తొట్టెలు ఎదురుగా పెట్టి, గోధుమదా, నల్లదా, చేదు ఎక్కువదా అని అడిగే కాలం వచ్చింది. టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అని బియ్యం కలిపి కాచేది ఒకటి ఉంది. తేలికగా, ఎండాకాలం గంజి మాదిరి చల్లగా దిగుతుంది. మాలో దానికే ఓట్లు ఎక్కువ. ఆర్బర్ వాళ్ళ రేజింగ్ ఎలిఫెంట్ చేదు వేపపువ్వు చేదు కాదు గానీ, ఉగాది పచ్చడి తిని పెరిగిన నాలుకకు కష్టం లేదు.

ఈ చోట్లకు మా సలహా ఒకటే. మధ్యాహ్నం పోండి. రాత్రి పడితే ఈ రకం చోట్లన్నిటిలో మాట మునిగిపోతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు అదే టేబుల్ మీద ఒక కుటుంబం కేసు గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. బోర్డు కన్నడలో, మెనూ ఇంగ్లీషులో, వెయిటరు హిందీలో, మేము తెలుగులో. 2024 నుంచి బోర్డుల్లో అరవై శాతం కన్నడ ఉండాలనే చట్టం వచ్చినాక, ఆ బోర్డు అక్షరాలను ఇంగ్లీషు మీడియం వాళ్ళకు మేము చదివి వినిపిస్తా ఉన్నాము. బడి చదువుకు ఇన్నాళ్ళకు ఒక గిరాకీ.

2017 జూలైలో ఈ రోడ్లన్నీ ఒక్కసారి మూగబోయినాయి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎం.జి.రోడ్డు వైపు, ఇందిరానగర్ వైపు చాలా బార్లు కొన్నాళ్ళు మూతపడినాయి. నేలను టేపు పెట్టి కొలిచే పని మా ఇంట్లో మాకు అలవాటే. పెద్దన్న అన్నాడు, "మన నాయనోళ్ళకు గజం లెక్క, వీళ్ళకు మీటరు లెక్క."

గ్లాసులో ఏముంది అనేదానికీ ఒక మాట. పెద్దన్న వారంలో ఎక్కువ రోజులు బండి మీద ఉంటాడు కాబట్టి ముట్టడు. ముట్టిన రోజు అమృత్ ఒక్కటి. మైసూరు రోడ్డు వైపు కంబిపురలో కాచే విస్కీ అది. ఆ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో స్కాట్లండులోని గ్లాస్గోలో మొదట దించింది. కొల్లేటి చేపను కొల్లేటిలోనే అమ్మిన ధైర్యం. నీళ్ళు రెండు చుక్కలు పోసి, ఒక గంట నడిపిస్తాడు. తాగడం ఎట్లా అని ఎవరన్నా మమ్మల్ని అడిగితే ఆయన వైపు చూపిస్తాము.

బావ సోడా

రెండేండ్ల కింద బావకు కండ్లు పచ్చబడినాయి. కామెర్లు అనుకొని పసరు తాగించినారు. తగ్గలేదు. పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, లివర్ గట్టిపడిపోయింది, ఇంకొక చుక్క కూడా వద్దు అన్నది. మా టెస్టింగులో కొన్ని తప్పులు చివరి రోజు దాకా తెర మీద కనబడవు, లోపల మాత్రం ఎప్పటి నుంచో తింటా ఉంటాయి. లివర్ కూడా అట్లాంటిదే. సగం పోయేదాకా నోరు తెరవదు. నలుగురం నెలకొకసారి కూర్చున్న టేబుల్‌తో వచ్చిన జబ్బు కాదు అది. లేత్ షాపు మూసినాక ప్రతి రాత్రి ఆ పలక ముందు ఒంటరిగా నిలబడి తాగినది. అత్త చెప్పిన మాట అప్పుడు అందరికీ గుర్తుకు వచ్చింది.

రెండు నెలలు ఆయన రాలేదు. మేము ఇంక హోటల్లో కలుద్దామని అనుకున్నాము. ఆ మాట బావకు చేరి, ఆయనే ఫోన్ చేసినాడు. "దర్శినిలో నిలబడే ఇడ్లీ తినాల. పెద్ద హోటల్లో గంటయితే బిల్లు తెచ్చి ముందర పెడతారు. మూడు గంటలు లేపకుండా కూర్చోబెట్టేది బారొక్కటే. యథాప్రకారం అక్కడికే రాండి. నేను సోడా తాగుతా." వచ్చి కూర్చొని, జేబులోంచి మాత్రల డబ్బా తీసి టేబుల్ మీద పెట్టినాడు. "మందు మానేసి మందు మింగతా ఉండా" అన్నాడు. నవ్వాల్నో లేదో తెలియక చెల్లెలు మొదట నవ్వింది.

అప్పటి నుంచి ఐదో ప్రశ్న చేరింది. ఆ ప్రశ్నతో పాత బార్లన్నీ మళ్ళీ చూస్తే మార్కులు తారుమారైనాయి. మంచి పేరున్న ఒక చోట, మనిషికి ఇంత బిల్లు కాకపోతే టేబుల్ ఇవ్వము అన్నారు. ఇంకొక చోట పక్క టేబుల్ వాళ్ళు, "ఒక్క పెగ్గుకు ఏమవుతుందన్నా" అని మూడుసార్లు గ్లాసు జరిపినారు. జరిపినోడు మంచోడే, ప్రేమగానే జరిపినాడు. బావ చెయ్యి టేబుల్ కింద బిగిసిపోవడం మేము చూసినాము. ఆ సాయంత్రం ముప్పావు గంటకే లేచినాము.

మేము మొదటి రోజు పోయిన మెయిన్ రోడ్డు బార్ ఒకటుంది కదా. రంగు వెలిసిన కుర్చీలు, తడి ఆరని టేబుల్ గుడ్డలు, మెనూలో సగం దొరకవు. అక్కడి ముసలి వెయిటరు, తుమకూరు వైపు మనిషి, బావ ముఖం చూసి ఏమీ అడగలేదు. ఫ్రెష్ లైమ్ సోడాను బీరు మగ్గులో పోసి, పైన నురగ నిలబడేట్టు సోడా ఎత్తి పోసి, మా మగ్గులతో పాటే తెచ్చి పెట్టినాడు. దూరం నుంచి చూసినోడికి నలుగురూ ఒకటే. బిల్లులో మాత్రం సోడా అనే రాసినాడు. మా చెక్‌లిస్టులో ఐదుకు ఐదు వచ్చిన బార్ అది ఒక్కటే. బీరు చల్లదనానికి మార్కులు పెట్టుంటే ఫెయిలయ్యేది.

టేబుల్ కింది బుట్ట

పోయిన మే నెలలో పెద్దన్న ఒక బుట్ట తెచ్చి టేబుల్ కింద పెట్టినాడు. బాదామి మామిడిపండ్లు. కేసులో ఉన్న తోటవే. "నాయన పంపినాడు, మీ నాయనకు. ఎవరు పంపినారో చెప్పొద్దు అన్నాడు" అని చెప్పినాడు. ఇంటికి తీసుకొని పోతే నాయన ఒక పండు వాసన చూసి, "తూర్పు గట్టు చెట్టుది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. మూడు రోజుల్లో బుట్ట ఖాళీ అయింది. జూన్ రెండో శనివారం ఆ బుట్టను ఊరికే వాపసు ఇవ్వకూడదని, అమ్మ అందులో పల్లీల ఉండలు పెట్టింది. నాయన చూసి, ఒక డబ్బా నెయ్యి కూడా పెట్టమన్నాడు. ఆ తోట ఎవరిదో కోర్టు ఇంకా చెప్పలేదు. ఆ బుట్ట మాత్రం ఆ బార్ టేబుల్ కింద నుంచి రెండిండ్లకూ తిరుగుతా ఉంది.

చిన్నోళ్ళకు

ఇంట్లో చిన్నోళ్ళు కొందరు ఉద్యోగాల్లో చేరి, మమ్మల్నీ పిలవండి అంటా ఉన్నారు. పిలుస్తాము. కానీ ముందే చెప్పేవి కొన్ని ఉన్నాయి.

బండి తేవొద్దు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. 2023 అక్టోబరు నుంచి మెట్రో పర్పుల్ లైను కె.ఆర్.పురం మీదుగా ఆగకుండా పోతుంది కాబట్టి మాకు సాకు లేదు. బార్లు ఒంటి గంట దాకా తెరిచి ఉండొచ్చు, మేము పదిన్నరకు లేస్తాము.

తిన్నాక తాగండి. కొన్నది కొన్నచోటనే వదిలి రావడానికి సిగ్గుపడొద్దు. మిగిలిన పెగ్గును ముగించడం మర్యాద కాదు, ఒంటరిగా ప్రతి రాత్రి తాగడం అలవాటూ కాదు. దానికి వేరే పేరు ఉంది, ఆ పేరు డాక్టర్లు చెప్తారు. ఇంట్లో ఎవరన్నా అట్లా ఉంటే టేబుల్ దగ్గర జోకులు వేయకండి, ఆసుపత్రికి తోడు పోండి. బావ చెప్పమన్న మాట ఇది.

ఎవరన్నా సోడా తెప్పించుకుంటే ఎందుకని అడగొద్దు. కేసు గురించి మాట్లాడొచ్చు, ఎవరి నాయనది తప్పు అని మాత్రం మాట్లాడొద్దు. మాట తెలుగులో. రాని పలుకు వస్తే కన్నడలో అనేయండి, ఎవరో ఒకరం అందుకుంటాము.

హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం వైపు చదివేవాళ్ళు మీ ఊళ్ళో ఇట్లా కేకలు పెట్టకుండా మాట్లాడుకొనే చోటు ఏదుందో రాయండి. బార్ అయినా సరే, టీ అంగడి అయినా సరే. మా వాళ్ళు ఎవరన్నా వచ్చే రెండో శనివారానికి రావాలనుకుంటే చెల్లెలికి ఫోన్ చేయండి. మనిషికింత అని ముందే తీసుకుంటుంది, లెక్క ఆమె దగ్గరే ఉంటుంది. సోడా వాళ్ళకు సగం.